జుపిటర్ నోట్‌బుక్‌లో క్లాస్ సెల్‌ను మళ్లీ నడిపాక ‘లాట్ కావాలి, వచ్చింది లాట్’ అనే టైప్ ఎర్రర్

ప్రశ్న: మిర్చిపద్దు, గుంటూరు

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే సరుకు వివరాలను ఒక కమీషన్ వ్యాపారి కోసం, కోడును సెల్‌లు అనే విడి భాగాలుగా రాసి నడిపే జుపిటర్ నోట్‌బుక్‌లో పైథాన్‌తో విశ్లేషిస్తున్నాను. రోజువారీ సీఎస్‌వీ ఫైళ్లను చదివి, ఒక్కొక్క లాట్‌ను ఒక్కొక్క ఆబ్జెక్టుగా మార్చుకుంటాను. మొదటి సెల్‌లో ‘లాట్’ అనే డేటాక్లాస్ (ఫీల్డులు పేర్కొంటే మామూలు కోడును పైథానే రాసిపెట్టే క్లాస్) ఉంది. అందులో రకం, టిక్కీల (బస్తాల) సంఖ్య, నికర బరువు, క్వింటాలు ధర, గ్రేడు అనే ఫీల్డులు ఉన్నాయి. డీలక్స్, బెస్ట్, మీడియం, తాలు అనే నాలుగు విలువలతో ‘గ్రేడు’ అనే ఎనమ్‌ను (ముందే పేర్కొన్న కొన్ని విలువలు మాత్రమే ఉండే టైపును) కూడా అదే సెల్‌లో నిర్వచించాను. రెండో సెల్ ఫైళ్లన్నిటినీ చదివి ‘రికార్డులు’ అనే లిస్టును తయారుచేస్తుంది. మూడో సెల్‌లో సగటు ధర లెక్కగట్టే ఫంక్షన్ ఉంది. లోపలికి వచ్చినది లాట్ అవునో కాదో అది ముందుగా ఈజ్‌ఇన్‌స్టెన్స్‌తో పరీక్షించి, కాకపోతే టైప్‌ఎర్రర్ ఇస్తుంది.

ఈ మధ్య తేమ శాతాన్ని కూడా చేర్చవలసి వచ్చి, మొదటి సెల్‌లో ‘తేమ’ అనే ఫీల్డును రాసి ఆ ఒక్క సెల్‌నే మళ్లీ నడిపాను. ఆ తరువాత మూడో సెల్ ‘లాట్ కావాలి, వచ్చింది లాట్’ అని ఆగిపోతోంది. ఎర్రర్ మెసేజ్‌లో రెండు చోట్లా టైప్ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే. ఇది కనీసం కంటికి కనబడే ఎర్రర్. ఇంతకంటే నన్ను భయపెట్టినది ఇంకొకటి ఉంది. తాలు కాయల మొత్తం బరువును లెక్కించే సెల్ ఏ ఎర్రరూ ఇవ్వకుండా సున్నా చూపిస్తోంది. గ్రేడు కీలుగా ఉన్న డిక్షనరీని ప్రింట్ చేస్తే అందులో తాలు కనబడుతోంది, కానీ అదే తాలుతో విలువ అడిగితే కీఎర్రర్ వస్తోంది. రికార్డులను పికిల్‌గా (పైథాన్ ఆబ్జెక్టులను ఫైల్‌లో దాచే రూపంలో) భద్రపరచబోతే ‘ఇది అదే ఆబ్జెక్టు కాదు’ అనే అర్థం వచ్చే మెసేజ్‌తో అదీ ఆగిపోయింది.

కెర్నల్‌ను (నోట్‌బుక్ వెనుక కోడును నడిపే ప్రాసెస్‌ను) రీస్టార్ట్ చేస్తే అన్నీ సర్దుకుంటున్నాయి. అయితే ఫైళ్లు చాలా ఉన్నందున రెండో సెల్ పూర్తి కావడానికి ఎంతో సమయం పడుతుంది, ఒక ఫీల్డు పేరు మార్చిన ప్రతిసారీ అంతసేపు కూర్చోవడం సాధ్యం కావడం లేదు. నాది విండోస్ ల్యాప్‌టాప్, పైథాన్ 3.12. ఇలా ఎందుకు జరుగుతోందో, రీస్టార్ట్ అవసరం లేకుండా పనిచేసుకునే పద్ధతి ఉన్నదో తెలియజేయగలరు.

పటమట_పైథాన్, విజయవాడ

మిర్చిపద్దు గారూ, మీరు వేర్వేరుగా చెప్పిన నాలుగు లక్షణాలకూ మూలం ఒకటే కాబట్టి ముందు ఆ మూలాన్ని వివరంగా చెబుతాను. అది స్పష్టమైతే మిగిలినవి వాటంతట అవే విడిపోతాయి.

పైథాన్‌లో క్లాస్ అనేది ఫైల్ చదివేటప్పుడు ఒకసారి నమోదై స్థిరపడిపోయే ప్రకటన కాదు. అది కూడా మిగతా వాక్యాల లాగానే నడిచే వాక్యం. అది నడిచిన ప్రతిసారీ మెమరీలో సరికొత్త క్లాస్ ఆబ్జెక్టు ఒకటి పుడుతుంది, ఆపైన ‘లాట్’ అనే పేరు పాత క్లాస్‌ను వదిలి ఆ కొత్త దానికి అంటుకుంటుంది. పాత క్లాస్ ఎక్కడికీ పోదు. మీ ‘రికార్డులు’ లిస్టులోని ప్రతి ఆబ్జెక్టూ తాను ఏ క్లాస్ నుంచి పుట్టిందో దానినే తన లోపల పట్టుకుని ఉంటుంది కాబట్టి, ఆ లిస్టు ఉన్నంతకాలం పాత లాట్ కూడా బతికే ఉంటుంది. అంటే మీ కెర్నల్‌లో ఇప్పుడు లాట్‌లు రెండు ఉన్నాయి. ఎర్రర్ మెసేజ్ చూపించేది క్లాస్ పేరును మాత్రమే, రెండింటికీ మాడ్యూల్ ‘మెయిన్’, పేరు ‘లాట్’. చిట్టీ మీద ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు రైతులను పేరు చూసి విడదీయలేకపోవడం వంటిదే ఇది. ఈజ్‌ఇన్‌స్టెన్స్ మాత్రం పేరును చూడదు. ఆబ్జెక్టు యొక్క క్లాస్, దాని పై తరం క్లాసులు వరుసగా చూసి, వాటిలో మీరిచ్చిన క్లాస్ ఆబ్జెక్టే ఉన్నదా అని పరీక్షిస్తుంది. పాత రికార్డుల వరుసలో కొత్త లాట్ లేదు కాబట్టి ‘కాదు’ అనే జవాబు న్యాయమైనదే.

దీనిని మీరే నిర్ధారించుకోవచ్చు. ఒక ఖాళీ సెల్‌లో ‘టైప్(రికార్డులు[0]) ఈజ్ లాట్’ అని అడగండి, ఫాల్స్ వస్తుంది. ఆ తరువాత ‘ఐడీ(టైప్(రికార్డులు[0]))’, ‘ఐడీ(లాట్)’ రెండింటినీ ప్రింట్ చేయండి, రెండు వేర్వేరు అంకెలు కనబడతాయి. అసలు ఈ పరీక్ష కూడా లేకుండా, సెల్ పక్కన చతురస్రపు బ్రాకెట్లలో ఉండే అంకెను చూసి చెప్పవచ్చు. కెర్నల్ నడిపిన సెల్‌ల వరుసలో ఆ సెల్ ఎన్నోదో ఆ అంకె చెబుతుంది. క్లాస్ సెల్ పక్కన 31, ఫైళ్లు చదివే సెల్ పక్కన 4 ఉంటే, కాగితం మీద క్లాస్ పైన, రికార్డులు కింద ఉన్నా, కెర్నల్ దృష్టిలో రికార్డులు పుట్టిన చాలాసేపటికి ఇప్పటి క్లాస్ పుట్టింది. నోట్‌బుక్‌లో వచ్చే విచిత్రమైన టైప్ ఎర్రర్లలో ఎక్కువ భాగాన్ని నేను కోడు చదవకముందే ఈ అంకెల వరుస చదివి గుర్తుపడతాను.

ఇక సున్నా సంగతి. నా అభిప్రాయంలో మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే ఎర్రర్ లేని తప్పు లెక్క వ్యాపారి చేతికి వెళ్లిపోగలదు. మామూలు ఎనమ్ సభ్యులను పోల్చేటప్పుడు పైథాన్ వాటి విలువలను చూడదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని చూస్తుంది. సెల్‌ను మళ్లీ నడిపినప్పుడు కొత్త గ్రేడు క్లాస్‌తో పాటు కొత్త తాలు కూడా పుట్టింది. రికార్డుల్లో ఉన్నది పాత తాలు, మీరు పోలుస్తున్నది కొత్త తాలుతో. ఒక్క రికార్డు కూడా సరిపోలదు, మొత్తం సున్నా అవుతుంది. డిక్షనరీలో జరిగినది మరికొంత సూక్ష్మమైనది. ఎనమ్ సభ్యుడి హాష్ (డిక్షనరీ కీని ఎక్కడ వెతకాలో చెప్పే సంఖ్య) దాని పేరు నుంచి వస్తుంది. కనుక పాత తాలుకూ కొత్త తాలుకూ హాష్ ఒకటే, డిక్షనరీ సరైన చోటికే వెళ్లి వెతుకుతుంది, కానీ అక్కడ ఉన్న కీని మీరిచ్చిన కీతో పోల్చినప్పుడు అవి సమానం కావు. అందుకే కళ్లెదుట కనబడుతున్న కీ దొరకడం లేదు. మీరు కొన్ని ఫైళ్లను క్లాస్ మార్చకముందు, కొన్నిటిని మార్చిన తరువాత చదివి పాండాస్ అనే లైబ్రరీలోని ఒకే పట్టికలో కలిపి ఉంటే, గ్రేడు కాలమ్ మీద వాల్యూ కౌంట్స్ (ఏ విలువ ఎన్నిసార్లు ఉందనే లెక్క) అడిగి చూడండి. తాలు అనే వరుస రెండుసార్లు కనబడుతుంది.

డేటాక్లాస్‌ల సమానత్వం కూడా ఈ దారిలోనే నడుస్తుంది. డేటాక్లాస్ తనంతట తాను రాసుకునే సమానత్వపు పరీక్ష, ఫీల్డులను పోల్చడానికి ముందు రెండింటి క్లాసూ ఒకటేనా అని చూస్తుంది. కాకపోతే అన్ని ఫీల్డులూ ఒకటే అయినా ఫలితం ఫాల్స్.

పికిల్ విషయానికి వస్తే, అది క్లాస్ కోడును ఫైల్‌లో రాయదు. ‘మెయిన్ మాడ్యూల్‌లోని లాట్’ అనే చిరునామాను మాత్రమే రాస్తుంది. రాసే ముందు ఆ చిరునామాకు వెళ్లి అక్కడున్నది ఈ ఆబ్జెక్టు క్లాసేనా అని సరిచూసుకుంటుంది. అక్కడ ఇప్పుడు కొత్త లాట్ ఉంది, కాబట్టి రాయడానికి నిరాకరించింది. ఆ నిరాకరణ మీకు మేలు చేసేదే.

దీనికి ఒక అనుబంధం చెప్పాలి, ఎందుకంటే మీరు త్వరలో దీనిని ఎదుర్కొంటారు. తేమ చేర్చకముందు మీరు భద్రపరచిన పికిల్ ఫైల్ ఏదైనా ఉంటే, దానిని ఇప్పుడు తెరిచినప్పుడు పైథాన్ ఏ ఫిర్యాదూ చేయదు. చిరునామాలో దొరికిన కొత్త లాట్‌తోనే ఆబ్జెక్టును నిర్మిస్తుంది, ఈజ్‌ఇన్‌స్టెన్స్ పరీక్ష కూడా నెగ్గుతుంది. అయితే అలా తెరిచేటప్పుడు, కొత్త ఆబ్జెక్టును నింపే ఇనిట్ మెథడ్ నడవదు, పాత ఫీల్డులు మాత్రమే నేరుగా నింపబడతాయి. తేమకు మీరు డిఫాల్ట్ విలువ ఇచ్చి ఉంటే ఆ విలువే నిజమైన కొలత లాగా చలామణీ అవుతుంది. ఇవ్వకపోతే తేమను అడిగిన చోట, లేదా ఆబ్జెక్టును ఊరికే ప్రింట్ చేసిన చోట కూడా, యాట్రిబ్యూట్‌ఎర్రర్ వస్తుంది. తేమ కొలవని లాట్‌కు 0 అనే డిఫాల్ట్ పెట్టవద్దని నా గట్టి మనవి. ఎండు మిర్చికి సున్నా తేమ అనేది ఉండదు, కానీ సగటు లెక్కలో అది మౌనంగా కలిసిపోతుంది. విలువ లేదని చెప్పే నన్ (None) అని పెట్టండి.

మిర్చిపద్దు, గుంటూరు

పటమట గారూ, ఎంతో ఓపికగా వివరించినందుకు కృతజ్ఞతలు. ఐడీలు వేర్వేరుగానే వచ్చాయి, సెల్ అంకెలు కూడా మీరు చెప్పిన క్రమంలోనే ఉన్నాయి. వాల్యూ కౌంట్స్‌లో తాలుతో పాటు డీలక్స్ కూడా రెండుసార్లు కనబడింది. కారణం అర్థమైంది. ఇప్పటికే చదివి ఉంచిన రికార్డులను పారేయకుండా కొత్త లాట్‌లోకి తెచ్చుకునే మార్గం ఉందా? ఆబ్జెక్టు యొక్క క్లాస్‌ను నేరుగా మార్చివేయవచ్చని ఒక మిత్రురాలు చెప్పారు.

అరండల్‌పేట_మాష్టారు, గుంటూరు

ఆ మిత్రురాలు చెప్పినది సాధ్యమే, కానీ నేను సిఫారసు చేయను. ఆబ్జెక్టులోని క్లాస్ యాట్రిబ్యూట్‌కు కొత్త లాట్‌ను కేటాయిస్తే పైథాన్ సాధారణంగా అంగీకరిస్తుంది. స్లాట్స్ (ఫీల్డుల జాబితాను ముందే బిగించే ఏర్పాటు) వాడిన క్లాస్‌లో ఫీల్డులు మారి ఉంటే మాత్రం రెండింటి అమరిక వేరని టైప్‌ఎర్రర్ ఇస్తుంది. అంగీకరించిన సందర్భంలో కూడా ఆ ఆబ్జెక్టులోకి తేమ రాదు, లోపలి గ్రేడు పాత గ్రేడుగానే ఉంటుంది. పైకి కొత్త లాట్ లాగా కనబడుతూ లోపల పాతదిగా మిగిలే ఆబ్జెక్టు, ఇప్పుడు మీకున్న ఇబ్బంది కంటే పెద్ద ఇబ్బంది.

సక్రమమైన పద్ధతి, పాత ఆబ్జెక్టులోని విలువలను బయటకు తీసి కొత్త ఆబ్జెక్టును నిర్మించడమే. ప్రతి పాత రికార్డు మీద వార్స్‌ను పిలిస్తే దాని ఫీల్డులు డిక్షనరీగా వస్తాయి. దానికి ఒక నకలు తీసుకోండి. ఆ నకలులోని గ్రేడును, పాత సభ్యుడి పేరుతో కొత్త ఎనమ్‌లో వెతికి, దొరికిన కొత్త సభ్యుడితో మార్చండి. తేమకు నన్ పెట్టండి. ఆ డిక్షనరీని విప్పి లాట్‌కు ఇవ్వండి. ఇది నాలుగు పంక్తుల ఫంక్షన్. గ్రేడును మార్చే పంక్తిని చాలామంది మరచిపోతారు, అప్పుడు లాట్ కొత్తదై గ్రేడు పాతదై మళ్లీ సున్నా దగ్గరికే వస్తారు. స్లాట్స్ వాడితే వార్స్ పనిచేయదు, డేటాక్లాసెస్ మాడ్యూల్‌లోని యాజ్‌డిక్ట్ వాడాలి. అది లోపలున్న ఇతర డేటాక్లాస్‌లను కూడా డిక్షనరీలుగా మార్చేస్తుందని గుర్తుంచుకోండి.

అయితే ఇది ఈ ఒక్కసారికి చికిత్స. మీ నోట్‌బుక్ అమరికనే కొంత మార్చమని కోరుతున్నాను, ఎందుకంటే అసలు ఇబ్బంది నెమ్మదిగా నడిచే సెల్, తరచుగా మారే క్లాస్ మీద ఆధారపడటంలో ఉంది. రెండో సెల్‌ను రెండుగా విడగొట్టండి. మొదటి భాగం ఫైళ్లను చదివి, శుభ్రపరచి, మీ క్లాసులేవీ ఎరుగని సాదా పట్టికగా మాత్రమే ఉంచాలి. అందులో రకం ఒక స్ట్రింగ్, గ్రేడు ఒక స్ట్రింగ్, బరువు ఒక సంఖ్య. ఆ పట్టికను పార్కే (పట్టికలను దాచే ఒక ఫైల్ రూపం) ఫైల్‌గా డిస్కు మీద భద్రపరచండి. రెండో భాగం ఆ పట్టికలోని వరుసలను లాట్ ఆబ్జెక్టులుగా మార్చాలి. ఎక్కువ సమయం తీసుకునేది వందల సీఎస్‌వీ ఫైళ్లను తెరిచి తేదీలను, అంకెలను సరిచేసే మొదటి భాగమే అయి ఉంటుంది. దానికి మీ క్లాసుతో సంబంధం తెగిపోయాక, క్లాస్ మార్చిన ప్రతిసారీ రెండో భాగాన్ని మాత్రమే నడిపితే సరిపోతుంది. రీస్టార్ట్ చేసినా పార్కేను తెరవడం సీఎస్‌వీలన్నిటినీ మళ్లీ చదవడంతో పోలిస్తే ఎంతో తేలిక కాబట్టి రీస్టార్ట్ అంటే భయం కూడా పోతుంది. నా విద్యార్థులకు కూడా మొదట ఇదే చెబుతాను: డిస్కు మీదికి వెళ్లేది సాదా డేటా కావాలి, మీ సొంత టైపులు మెమరీలో మాత్రమే ఉండాలి.

క్లాస్ రూపం కొంత స్థిరపడ్డాక దానిని నోట్‌బుక్ పక్కనే ఒక పైథాన్ ఫైల్‌లో పెట్టి ఇంపోర్ట్ చేసుకోండి. అప్పుడు ఇంపోర్ట్ సెల్‌ను ఎన్నిసార్లు నడిపినా క్లాస్ మళ్లీ పుట్టదు, ఎందుకంటే ఒకసారి వచ్చిన మాడ్యూల్‌ను పైథాన్ మళ్లీ నడపదు. ఫైల్‌లో మార్పు చేసినప్పుడు ఇంపోర్ట్‌లిబ్‌లోని రీలోడ్ వాడితే మీరు మళ్లీ పాత చోటికే వస్తారు. అది కొత్త క్లాస్‌ను తెస్తుంది కానీ పాత ఆబ్జెక్టులను ముట్టుకోదు, పైగా ‘ఫ్రమ్’తో తెచ్చుకున్న పేరు పాత క్లాస్‌నే చూపుతూ ఉంటుంది. ఐపైథాన్‌లోని ఆటోరీలోడ్ ఎక్స్‌టెన్షన్‌ను 2 అనే స్థాయిలో ఉంచితే ఇంతకంటే మెరుగు. అది ప్రతి సెల్‌కు ముందు మారిన మాడ్యూళ్లను తిరిగి తెచ్చి, పాత క్లాస్‌లోని మెథడ్‌లను మార్చి, ఉన్న ఆబ్జెక్టులను కూడా కొత్త క్లాస్ వైపు తిప్పడానికి ప్రయత్నిస్తుంది. మెథడ్ లోపలి లెక్క మార్చినప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. కొత్త ఫీల్డు చేర్చినప్పుడు మాత్రం పాత ఆబ్జెక్టుల్లోకి ఆ ఫీల్డు రాదు. ఎనమ్ విషయంలో దాని మీద అస్సలు ఆధారపడవద్దు.

ఎనమ్ గురించి ఇంకొక సూచన. మీ గ్రేడులు స్వభావరీత్యా పేర్లే కాబట్టి పైథాన్ 3.11 నుంచి ఉన్న స్ట్ర్‌ఎనమ్‌ను వాడవచ్చు. దాని సభ్యులు స్ట్రింగులు కూడా అయినందున పోలిక, హాష్ రెండూ విలువ మీద ఆధారపడతాయి. సెల్‌ను మళ్లీ నడిపినా పాత తాలు, కొత్త తాలు సమానమే అవుతాయి. మీ సున్నా సమస్య ఒక్క ఈ మార్పుతోనే తొలగిపోతుంది.

భవానీపురం_జూలియా, విజయవాడ

ఇది పైథాన్‌కు మాత్రమే పరిమితమైన విషయం కాదని చెప్పడానికి రాస్తున్నాను. జూలియా భాషలో 1.11 వరకు, ఒకసారి నిర్వచించిన స్ట్రక్ట్‌ను (క్లాస్ వంటి సొంత టైపును) ఫీల్డులు మార్చి అదే సెషన్‌లో మళ్లీ నిర్వచిస్తే ‘స్థిరాంకాన్ని పునర్నిర్వచించడం చెల్లదు’ అనే అర్థంలో ఎర్రర్ ఇచ్చి ఆపేసేది. జుపిటర్‌లో ఐజూలియా వాడేవారందరికీ ఇది తెలిసిన బాధే. 2025లో వచ్చిన 1.12 నుంచి ఆ ఆంక్ష తొలగింది. అయినా అక్కడ కూడా పాత ఆబ్జెక్టులు పాత టైపుతోనే ఉంటాయి. తేడా ఏమిటంటే, పాత టైపును ప్రింట్ చేసేటప్పుడు అది ఏ కాలపు నిర్వచనమో పేరు పక్కన చూపిస్తుంది, అందువల్ల ‘లాట్ కావాలి, వచ్చింది లాట్’ అనే అయోమయం ఉండదు. పైథాన్ కూడా ఇలా చూపిస్తే ఎంతమందికి సమయం మిగిలేదో అనిపిస్తుంది.

రీస్టార్ట్ బాధ లేని నోట్‌బుక్ కావాలనుకుంటే పైథాన్‌కు మారిమో, జూలియాకు ప్లూటో ఉన్నాయి. వీటిలో ఒక సెల్ మారితే దాని మీద ఆధారపడిన సెల్‌లన్నీ వాటంతట అవే మళ్లీ నడుస్తాయి కాబట్టి కొత్త క్లాస్, పాత రికార్డులు పక్కపక్కన మిగిలే అవకాశం చాలా తక్కువ. కానీ మిర్చిపద్దు గారి రెండో సెల్ వంటి నెమ్మది సెల్ క్లాస్ మీద ఆధారపడి ఉంటే, క్లాస్‌లో అక్షరం మార్చినా అది మళ్లీ మొదలవుతుంది. కాబట్టి మాష్టారు చెప్పినట్లు విడగొట్టడం అక్కడా తప్పదు.

మిర్చిపద్దు, గుంటూరు

మాష్టారూ, మీరు చెప్పినట్లు పట్టికను విడదీసి పార్కేగా పెట్టాను, క్లాస్‌ను ఇంకా నోట్‌బుక్‌లోనే ఉంచాను. కెర్నల్ రీస్టార్ట్ చేసి అన్నీ మొదటి నుంచి నడిపితే ఇప్పుడు కొత్త ఎర్రర్ ఒకటి వస్తోంది. లాట్ క్లాస్‌లో ‘కలుపు’ అనే మెథడ్‌ను ఈమధ్యే చేర్చాను. అది ఇంకొక లాట్‌ను తీసుకుని, రెండింటినీ కలిపిన లాట్‌ను ఇస్తుంది కాబట్టి టైప్ హింట్లలో (ఏ టైపు విలువ వస్తుందో తెలిపే సూచనల్లో) రెండు చోట్లా లాట్ అని రాశాను. రీస్టార్ట్‌కు ముందు ఎన్నోసార్లు నడిచిన ఇదే సెల్, ఇప్పుడు ‘లాట్ అనే పేరు నిర్వచించబడలేదు’ అని నేమ్‌ఎర్రర్ ఇస్తోంది. సెల్‌లో ఒక్క అక్షరం మారలేదు.

రెండోది, లెక్కలను వేగంగా చేయడానికి మల్టీప్రాసెసింగ్ పూల్‌ను (పనిని పలు ప్రాసెస్‌లకు పంచే ఏర్పాటును) వాడబోతే ఆ సెల్ నక్షత్రం గుర్తుతో అలాగే ఉండిపోతోంది, ఎర్రర్ రాదు, ఫలితం రాదు. మా బంధువుల అబ్బాయి లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఇదే నోట్‌బుక్ పనిచేసింది.

పటమట_పైథాన్, విజయవాడ

మొదటిది పాత కెర్నల్ మీకు దాచిపెట్టిన లోపం. పైథాన్ 3.13 వరకు, మెథడ్ టైప్ హింట్లలోని పేర్లను క్లాస్ శరీరం నడుస్తున్నప్పుడే వెతుకుతారు. ఆ సమయానికి క్లాస్ ఇంకా పూర్తి కాలేదు, లాట్ అనే పేరు ఇంకా దానికి అంటుకోలేదు. శుభ్రమైన కెర్నల్‌లో అందుకే నేమ్‌ఎర్రర్ వస్తుంది. రీస్టార్ట్‌కు ముందు మాత్రం, మీరు మెథడ్‌ను చేర్చేనాటికే పాత లాట్ ఒకటి ఆ పేరుతో ఉంది. వెతికినప్పుడు అదే దొరికింది, ఎర్రర్ రాలేదు. అంటే కొత్త లాట్ మెథడ్ హింట్లలో పాత లాట్ కూర్చుని ఉంది. హింట్లను నడిచేటప్పుడు చదివి పరీక్షించే లైబ్రరీ ఏదైనా మీరు వాడి ఉంటే అక్కడ ఇంకొక వింత టైప్ ఎర్రర్ చూసేవారు.

పరిష్కారం తేలిక. హింట్‌లో లాట్‌ను కోట్ గుర్తుల మధ్య స్ట్రింగ్‌గా రాయండి, లేదా సెల్ మొదటి పంక్తిగా ఫ్యూచర్ మాడ్యూల్ నుంచి యానొటేషన్స్‌ను ఇంపోర్ట్ చేయండి. 3.12లో ఉన్నారు కాబట్టి టైపింగ్ మాడ్యూల్‌లోని సెల్ఫ్ కూడా అందుబాటులో ఉంది, ఇక్కడ నేనైతే దానినే వాడతాను. పైథాన్ 3.14 నుంచి హింట్లను అవసరమైనప్పుడే లెక్కగడతారు కాబట్టి అక్కడ ఈ ఎర్రర్ రాదు.

సందర్భం వచ్చింది కాబట్టి, హింట్లకు సంబంధించి నోట్‌బుక్‌లో కనబడే ఇంకొక ఎర్రర్‌ను చెప్పి ముందుకు వెళ్తాను. లిస్ట్ పక్కన చతురస్రపు బ్రాకెట్లలో టైప్ రాసే పద్ధతి 3.9లో వచ్చింది, రెండు టైపుల మధ్య నిలువు గీత పెట్టే పద్ధతి 3.10లో వచ్చింది. టెర్మినల్‌లో నడిచే కోడు నోట్‌బుక్‌లో ఈ చోట్ల టైప్‌ఎర్రర్ ఇస్తే, కెర్నల్ వేరే పాత పైథాన్‌ను వాడుతున్నదేమో సిస్ మాడ్యూల్‌లోని ఎగ్జిక్యూటబుల్‌ను ప్రింట్ చేసి చూడండి.

ఇక మల్టీప్రాసెసింగ్. విండోస్‌లో పిల్ల ప్రాసెస్ తల్లి ప్రాసెస్ మెమరీని వారసత్వంగా పొందదు. అది ఖాళీ పైథాన్‌గా మొదలై, తనకు పికిల్ రూపంలో వచ్చిన చిరునామాలను బట్టి క్లాసులను, ఫంక్షన్లను వెతుక్కుంటుంది. ‘మెయిన్‌లోని లాట్’ అని చిరునామా వస్తే, దాని మెయిన్‌లో మీ సెల్‌లు ఉండవు. సెల్‌లు ఫైల్ కావు కాబట్టి దానికి వాటిని తెచ్చుకునే దారి లేదు. ఆ యాట్రిబ్యూట్ దొరకలేదని అది ఎర్రర్ ఇస్తుంది, కానీ ఆ మెసేజ్ నోట్‌బుక్‌లోకి రాకుండా మీరు జుపిటర్‌ను మొదలుపెట్టిన నల్లటి టెర్మినల్ కిటికీలో పడుతుంది. ఒకసారి అక్కడ చూడండి, వరుసగా అవే మెసేజ్‌లు ఉంటాయి. లైనక్స్‌లో పైథాన్ 3.13 వరకు పిల్ల ప్రాసెస్ ఫోర్క్ పద్ధతిలో పుట్టి తల్లి మెమరీ నకలుతో మొదలయ్యేది, అందుకే అక్కడ నడిచింది. 3.14లో లైనక్స్‌లోనూ డిఫాల్ట్ పద్ధతిని ఫోర్క్‌సర్వర్‌కు మార్చారు కాబట్టి ఆ అబ్బాయి పైథాన్‌ను అప్‌గ్రేడ్ చేసిన రోజున ఇదే ఇబ్బంది అక్కడికీ వస్తుంది. ఇద్దరికీ ఒకటే మార్గం: లాట్, గ్రేడు, పూల్‌కు ఇచ్చే ఫంక్షన్, మూడింటినీ ఒక పైథాన్ ఫైల్‌లోకి మార్చి ఇంపోర్ట్ చేసుకోండి. అప్పుడు చిరునామా ‘మెయిన్‌లోని లాట్’ కాకుండా ఆ ఫైల్ పేరుతో వెళ్తుంది, పిల్ల ప్రాసెస్ దానిని తనంతట తాను ఇంపోర్ట్ చేసుకోగలుగుతుంది.

అలా మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. మీరు ప్రస్తావించలేదు గానీ, ఎగుమతి సరుకుకు లాట్ మీద ఆధారపడిన ఉపక్లాస్ ఏదైనా ఉంటే దానిని కూడా అదే ఫైల్‌లో పెట్టండి. లాట్ ఒకచోట, ఉపక్లాస్ నోట్‌బుక్ సెల్‌లో ఉంటే, లాట్‌ను తిరిగి తెచ్చినప్పుడు ఉపక్లాస్ పాత లాట్‌నే తన తల్లిగా పట్టుకుని ఉండే ప్రమాదం ఉంది. సూపర్‌ను ఖాళీగా పిలిచే కోడులో అప్పుడు ఎర్రర్ కూడా రాదు, పాత లాట్ మెథడ్‌లే నడుస్తూ పోతాయి.

మిర్చిపద్దు, గుంటూరు

ఎగుమతి సరుకుకు ఉపక్లాస్ ఉన్నమాట నిజమే, అది నోట్‌బుక్ చివర వేరే సెల్‌లో ఉంది. ఇప్పుడు మూడు క్లాసులనూ, పూల్‌కు ఇచ్చే ఫంక్షన్‌నూ ఒకే ఫైల్‌లోకి తెచ్చాను, గ్రేడును స్ట్ర్‌ఎనమ్‌గా మార్చాను, కలుపు మెథడ్‌లో సెల్ఫ్ వాడాను. రీస్టార్ట్ చేసి పై నుంచి కింది వరకు నడిపితే అన్ని సెల్‌లూ వరుస అంకెలతో పూర్తయ్యాయి, పూల్ కూడా ఫలితం ఇచ్చింది. టెర్మినల్ కిటికీలో పటమట గారు చెప్పిన మెసేజ్‌లు నిజంగానే ఉన్నాయి. తాలు వరుస ఇప్పుడు ఒక్కటే కనబడుతోంది, దాని మొత్తం బరువును చిట్టీల్లో చేత్తో కూడి సరిచూశాను, సరిపోయింది.

తేమ కొలవని పాత లాట్‌లను నన్‌గానే ఉంచి, సగటు లెక్కలోంచి వాటిని మినహాయించే పంక్తిని రాశాను. వ్యాపారికి ఇచ్చే నివేదికలో ఎన్ని లాట్‌లకు తేమ కొలత లేదో కూడా ఒక కాలమ్‌గా చేర్చాను. పాత పికిల్ ఫైళ్లను తొలగించి, వాటి స్థానంలో పార్కే ఫైల్ ఒక్కటే ఉంచాను.